తొమ్మిదని చెప్పాను

"మేడమ్, కుడి కాలు అంటూ మీరు ఎడమ కాలు ఎత్తుతున్నారు."

ఆమెతో నేను అన్న మొట్టమొదటి మాట ఇదే. ఇంతకంటే తెలివైన మాట ఆ రోజు నాకు తట్టలేదు.

హాల్లో పన్నెండు కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేసి ఉన్నాయి. చేతులు లేని గట్టి కుర్చీలు. వాటిలో డెబ్బైకి దగ్గర పడినవాళ్ళు, డెబ్బై ఎప్పుడో దాటినవాళ్ళు కూర్చుని మోకాలు చాచి పాదం పైకెత్తుతున్నారు. వాళ్ళకెదురుగా పదమూడో కుర్చీలో ఆమె కూర్చుంది. ఎత్తిన కాలు దించకుండానే గుమ్మంలో నిలబడ్డ నావైపు చూసింది.

"మీరెవరండీ?"

"ఆయన కొడుకుని." చివరి కుర్చీలో ఉన్న నాన్నని చూపించాను.

"నేను వీళ్ళకి ఎదురుగా కూర్చున్నాను కదండీ. నేను ఎడమ ఎత్తితే వీళ్ళకి కుడి ఎత్తడం తేలిక. పోనీ మీరొచ్చి ఇక్కడ కూర్చోండి. నేను గుమ్మంలో నిలబడి తప్పులు వెతుకుతాను."

పన్నెండు మందీ నవ్వారు. కాదు, పదకొండు మంది. నాన్న నవ్వలేదు.

నాన్న పక్క కుర్చీలో ఒక మామ్మ ఉంది. ఆమెని అందరూ రేడియో మామ్మ అంటారని తర్వాత తెలిసింది. ఆ రేడియోని ఎవరూ ఆన్ చేయక్కర్లేదు, ఆఫ్ చేయడం ఎవరి తరమూ కాదు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"కళ్ళజోళ్ళ షాపులో పని. కళ్ళు టెస్ట్ చేస్తాను."

"ముందు నీ కళ్ళు చేయించుకో."

నాన్నని దింపేసి వెళ్ళిపోదామనుకున్నవాణ్ణి, బయట వాన అందుకోవడంతో ఆగిపోయాను. ఆ ఒక్క రోజుకి మాత్రం కారణం వానే.

నాన్న ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాడు. అమ్మ పోయి పది నెలలైంది. ఆ పది నెలలూ మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. నాన్న పొద్దున్నే లేచి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. నేను షాపు నుంచి వచ్చేసరికి అదే కుర్చీలో అలాగే ఉండేవాడు. "తిన్నావా నాన్నా?" అంటే "ఆఁ." "స్నానం చేశావా?" అంటే "ఆఁ." "ఇల్లు తగలబడిపోతోంది నాన్నా" అన్నా ఆ "ఆఁ" మారేది కాదు. ఒకసారి అని చూశాను కూడా.

డాక్టర్ అన్నీ చూసి, "పెద్ద జబ్బేం లేదు. దిగులు ఒంట్లోకి దిగుతోంది. కదిలించండి. నిలబడి చేయలేనివాళ్ళకి కూర్చునే వ్యాయామం చేయించే క్లాసు ఒకటుంది" అని చీటీ మీద అడ్రసు రాసిచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. కుర్చీలోంచి లేవని మనిషిని తీసుకెళ్ళి ఇంకో కుర్చీలో కూర్చోబెడితే ఏం ఒరుగుతుంది?

మొదటి రెండు క్లాసులు నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు ఆమె తన కుర్చీ లాక్కొచ్చి నాన్న ఎదురుగా వేసుకుంది.

"డ్రైవర్ గారూ, మీ ముందు బండి సడన్‌గా ఆగింది. ఏం చేస్తారు?"

నాన్న కుడి పాదం నేలని నొక్కింది. నేను చూశాను.

"హమ్మయ్య, బతికిపోయాం. మళ్ళీ ఇంకోటి అడ్డొచ్చింది!"

మళ్ళీ నొక్కాడు. నాలుగోసారికి నాన్న ఆమెవైపు చూసి, "క్లచ్ నొక్కకుండా బ్రేకేస్తే ఇంజన్ ఆగిపోతుందమ్మా. ఎడమ కాలు కూడా చెప్పాలి నువ్వు" అన్నాడు.

పది నెలల్లో నాన్న నోట వచ్చిన అతి పెద్ద మాట అది. నేను గబగబా వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది.

"ఏమైందండీ?"

"కంట్లో ఏదో పడింది."

"కళ్ళ డాక్టరు మీరేగా. చూసుకోండి మరి" అంటూ చేతిలో ఉన్న చిన్న టవల్ నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది. పిడికిలితో పిండే వ్యాయామానికి మామ్మలకి ఇచ్చే టవల్ అది. దాంతో ముఖం తుడుచుకుంటుండగానే నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. ఇందులో దాచడానికేం లేదు.

క్లాసు మంగళవారం, శుక్రవారం. షాపులో బతిమాలి ఆ రెండు సాయంత్రాలూ డ్యూటీ మార్పించుకున్నాను. నాన్న కోసమని అందరికీ చెప్పాను.

"క్లాసు చేసింది మీ నాన్న, చెమటలు నీకెందుకు పడుతున్నాయి?" అంది రేడియో మామ్మ ఒకరోజు, క్లాసు చెప్పే ఆమె వింటుండగానే. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె మా షాపుకి వచ్చింది. తలనొప్పట. చీకటిగదిలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి అక్షరాలు చదవమన్నాను. గడగడా చదివింది. రెండో కంటికి అంతకంటే గడగడా చదివింది. నేను చార్టు మార్చేశాను. ఆమె ఆగిపోయింది.

"బట్టీ పట్టారు."

"ఎలా కనిపెట్టారు?"

"మీకంటే ముదుర్లని చూశానండీ. ఇదేమైనా పరీక్షా, ఫెయిలైతే కొట్టడానికి? మీరు తప్పు చెబితే నేను తప్పు అద్దం ఇస్తాను. ఆ అద్దంతో మెట్లు దిగితే మూతి పళ్ళు రాలతాయి."

"సరే సార్. సారీ సార్." బుద్ధిగా చేతులు కట్టుకుంది.

"ఇది బాగుందా... ఇది బాగుందా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"అయితే అయిపోయినట్టే."

"ఇంకోసారి మార్చి చూడండి. నాకు డౌటుగా ఉంది."

అయిపోయిన టెస్టుని మేమిద్దరం పావుగంట సాగదీశాం. బయట కూర్చున్నవాళ్ళు తలుపు కొట్టాక గానీ బయటికి రాలేదు. ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే, ఇంటికెళ్ళి నాన్నకి ఆ కబుర్లన్నీ చెప్పాను. నాన్న "ఆఁ" అనలేదు. "తర్వాత?" అన్నాడు.

ఇక శుక్రవారం లెక్క సంగతి చెప్పాలి. జరిగిందంతా దాని వల్లే.

ప్రతి శుక్రవారం క్లాసు చివర ముప్పై సెకన్ల లెక్క ఉండేది. చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, కుర్చీలోంచి పూర్తిగా లేచి మళ్ళీ కూర్చోవాలి. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తే అది మీ అంకె. ఆమె గడియారం చూస్తూ "మొదలు", "ఆపండి" అనేది. ఒక్కొక్కరి పక్కనా ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. తర్వాత ఆమె వరసగా అడిగి నోట్‌బుక్కులో రాసుకునేది. నాన్న పక్కన నేనే నిలబడేవాణ్ణి.

మొదటి శుక్రవారం నాలుగు. తర్వాత అయిదు. నెల తిరిగేసరికి ఆరు. ఆరు చెప్పిన రోజు ఆమె పరుగెత్తుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఊపుతూ నావైపు చూసింది. ఆ చూపు కోసం నేను వారమంతా ఎదురుచూడగలను.

ఆ తర్వాతి వారం అయిదే వచ్చింది. అయిదనే చెప్పాను. ఆమె నోట్‌బుక్కులో రాసుకుంటూ నుదురు ముడివేసింది. "ఫర్వాలేదు, చూద్దాం" అంది. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. అమ్మ విషయంలో కూడా డాక్టర్లు మొదట ఇలాగే అన్నారు.

ఆ పై శుక్రవారం నాన్న నాలుగుసార్లు లేచాడు. అయిదోసారి లేవబోయి కూలబడ్డాడు. ఆమె వరసగా అడుగుతూ మా దగ్గరికొచ్చింది.

"డ్రైవర్ గారు?"

"ఏడు" అన్నాను.

"ఏడా! స్పీడు పెంచారే!"

ఆమె ముఖం వెలిగిపోయింది. నాన్న తలెత్తి నావైపు ఒక్కసారి చూశాడు. ఆయాసపడుతున్నాడు కాబట్టి ఏమీ అనలేదనుకున్నాను.

ఒక అబద్ధం నిలబడాలంటే పక్కన ఇంకోటి నిలబెట్టాలి. పై వారం ఎనిమిదన్నాను. ఆ పై వారం తొమ్మిదన్నాను. తొమ్మిదన్న రోజు సాయంత్రం వాన పడింది. నాన్నని ఆటో ఎక్కించి ముందు పంపించి, నేనూ ఆమే ఒకే గొడుగులో బస్‌స్టాపు దాకా నడిచాం. ఇద్దరి భుజాలూ చెరోవైపు తడిసిపోయాయి.

"మా అక్కకి మీ గురించి చెప్పాను" అంది.

"ఏమని?"

"నాన్నని చంటిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకునే అబ్బాయి ఒకడున్నాడని. కళ్ళు మాత్రం కాస్త తేడా అని."

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంత అందమైన వానని పాడుచేయడం ఇష్టం లేకపోయింది.

ఆమెకో నియమం ఉండేది. వరసగా రెండు వారాలు ఎనిమిదీ అంతకు పైనా వచ్చినవాళ్ళు, కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుని చేసే వరసలోకి మారాలి. మంగళవారం నాన్నని ఆ వరసలోకి పిలిచింది. నాన్న వెళ్ళాడు. ఎంతో గంభీరంగా, కొత్త రూటు ఇచ్చిన డ్రైవరులా వెళ్ళి నిలబడ్డాడు. మడమలు ఎత్తి దించమంది. రెండుసార్లు చేశాడు. మూడోసారి మోకాలు జారిపోయింది. ఆమె నాలుగడుగుల దూరంలో ఉంది, ఉరికింది గానీ అందలేదు. తుంటి ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఆపరేషన్ చేశారు. డాక్టర్ నన్ను పక్కకి పిలిచి, "ఈయన సరిగ్గా తినడం లేదు, తెలుసా మీకు? కాళ్ళలో కండే లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదా?" అన్నాడు. నాకు తెలియదు. ప్లేటు ఖాళీగా కనిపిస్తే తిన్నాడనుకునేవాణ్ణి. ఎక్కడ పారేసేవాడో ఇప్పటికీ తెలియదు.

మా మేనత్త వచ్చి హాస్పిటల్ దద్దరిల్లేలా అరిచింది. "ముసలాయన్ని నిలబెట్టి గెంతించిందా ఆ పిల్ల? ఎవరిచ్చారు దానికి డిగ్రీ?" హాలు కమిటీవాళ్ళు క్లాసు ఆపేశారు. ఆమె మాత్రం ప్రతి సాయంత్రం వచ్చి కారిడార్‌లో బెంచీ మీద కూర్చునేది. నోట్‌బుక్కు తీసి, వేలితో గీతల వెంట వెళ్తూ మళ్ళీ మళ్ళీ చూసుకునేది. రెండు రోజులు చూస్తూ ఊరుకున్నాను. ఆ రెండు రోజులకి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

మూడో రోజు తనే అంది. "ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదండీ. ఆరు, అయిదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. పెరుగుతున్న మనిషి ఎలా పడిపోతాడు? నాకు పని రాదేమో. మానేయాలేమో ఇక."

"ఏడు కాదు" అన్నాను.

"ఏంటి?"

"ఆ రోజు నాలుగు. తర్వాత కూడా నాలుగే. తొమ్మిదన్న రోజు మూడు."

ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"ఎందుకు?"

"మీరు సంతోషపడతారని."

"నా సంతోషం కోసం మీ నాన్న కాళ్ళని పణంగా పెట్టారా?" నోట్‌బుక్కు మూసేసింది. "అంకె తగ్గితే నేనేమైనా తిడతానా? ఎందుకు తగ్గిందో అడుగుతాను. తింటున్నారా అని అడుగుతాను. డాక్టర్ దగ్గరికి పంపుతాను. అందుకేనండీ రాసుకునేది! బట్టీ పట్టి చదివితే పళ్ళు రాలతాయని నాకు నీతులు చెప్పింది మీరే కదా?"

"క్షమించండి. నేను మిమ్మల్ని..."

"వద్దు. ఆ మాట ఇప్పుడు అనకండి. దాన్ని కూడా నమ్మలేను."

లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు కమిటీ ముందు నిలబడి జరిగింది చెప్పాను. మేనత్తకీ చెప్పాను, ఆవిడ నావైపు తిరిగి కూడా చూడలేదు. వారంలో క్లాసు మళ్ళీ తెరిచారు. హాలు ముందు రేడియో మామ్మ ఎదురుపడింది. నన్ను చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న ఇంటికొచ్చాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. మళ్ళీ "ఆఁ" మొదలైంది. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీ కూడా లేదు, మంచమొకటే. అక్కడినుంచి తనంతట తను కూర్చోవడం కూడా చేతకాదు. నేను సెలవు పెట్టి పక్కనే ఉండేవాణ్ణి. ఒంటరిగా ఉన్నప్పుడు, ఇలా చూడటం కంటే ఆ రోజు నేనే పడి చచ్చిపోయినా బాగుండేదనిపించేది.

ఒక సాయంత్రం తట్టుకోలేక చెప్పేశాను. "నాన్నా, నేను దొంగ లెక్క చెప్పాను. అందుకే పడ్డావు."

"తెలుసురా" అన్నాడు గోడవైపు తిరిగే.

"తెలుసా?"

"లేచింది నేను. నాకు తెలియదా ఎన్నిసార్లు లేచానో?"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా! ఆ వరసలోకి ఎందుకెళ్ళావు?"

దుప్పటి అంచు వేలికి చుట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మీ అమ్మ పోయాక నువ్వు నవ్వడం అప్పుడే చూశాను. అంకె చెప్పి ఆ అమ్మాయివైపు చూసేవాడివి. నేను మూడే అంటే ఆ ముఖం ఏమైపోతుందోనని... ఎలాగో నిలబడగలననుకున్నాను."

నేను మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చాను. తల తిప్పి చూసేసరికి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"డ్రైవర్ గారూ, ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారన్నమాట" అంది. "రండి, ఈవైపు తిరగండి. పని చాలా ఉంది."

రెండు నెలలు వచ్చింది, వారానికి మూడు సాయంత్రాలు. మొదట పడుకున్నచోటే మడమలు కదిలించడం. తర్వాత మంచం అంచున కూర్చోవడం, భుజాలు తిప్పడం, మోకాలు చాచడం. నాతో మాత్రం "దిండు ఇవ్వండి", "భుజం పట్టుకోండి", "ఎంత తిన్నారు?" ఇంతే. నేను ప్లేటులో మిగిలింది మిగిలినట్టే చూపించేవాణ్ణి. నాన్నని ఆమె నవ్వించేది. నావైపు చూసేది కాదు. అదే గదిలో, రెండడుగుల దూరంలో ఉండి కూడా, ఆమె లేకుండానే నేను రెండు నెలలు బతికాను.

ఆఖరి రోజు నాన్న నా భుజం మీద చెయ్యి వేసి మంచం మీంచి లేచి, రెండడుగులేసి, కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అంతా చూసి, సంచీ తీసుకుని గుమ్మం దాకా వచ్చింది. నేనూ వెనకే వచ్చాను.

"ఇంతేనండీ" అంది నెమ్మదిగా. "మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి. ఒంటరిగా నడవడం ఇక రాదు. రోజూ కూర్చుని చేయిస్తే ఉన్నది పోకుండా ఉంటుంది. మీకు చేదుగా ఉంటుందని తగ్గించి చెప్పలేను."

"వద్దు. ఉన్నదే చెప్పండి." అన్నాను. "మన సంగతి కూడా."

ఆమె ఆ రెండు నెలల్లో మొదటిసారి నావైపు సూటిగా చూసింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉంది. వేరే షాపులో చేయించుకున్నట్టుంది.

"మీ మీద ఇష్టం పోలేదు. పోతే ఎంత హాయిగా ఉండేదో! మీరు బాగుందంటే బాగుందా లేదా అని, బతికినన్నాళ్ళూ అనుమానమే కదా నాకు. అది పోతుందో లేదో తెలియదు. పోతుందని అబద్ధం చెప్పమంటారా?"

"చెప్పకండి."

"ఎదురుచూడమని కూడా చెప్పను."

"చెప్పకపోయినా చూస్తాను."

ఆమె తలదించుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టలేదు. ఇద్దరం గుమ్మంలో అలా ఎంతసేపు నిలబడ్డామో గానీ, లోపలినుంచి నాన్న కేకేశాడు.

"ఏరా, నేనెలాగూ నిలబడలేను. మీకేం ఖర్మరా, అంతసేపు నిలబడటానికి? ఆ అమ్మాయిని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టు."

ఆమె ఒకసారి బయటికి చూసింది. ఒకసారి లోపలికి చూసింది. సంచీ నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది.